వదిన పేర్లు పెట్టిన గోడ

మా వదినకి "ఇతరములు" అన్న మాట గిట్టేది కాదు.

పెళ్ళయి మా ఇంటికి వచ్చిన కొత్తలో వంటింటి మూల ఒక పెద్ద రేకు డబ్బా ఉండేది. ఎక్కడ పెట్టాలో తోచని ప్రతిదీ అమ్మ అందులో పడేసేది. తెగిన గొలుసు ముక్కలు, కొవ్వొత్తి కొసలు, గుండీలు, జబ్బు తగ్గాక మిగిలిన మాత్రలు, పనిచేస్తాయో లేదో తెలియని బ్యాటరీలు. ఒక ఆదివారం వదిన ఆ డబ్బాని నేలమీద బోర్లించి ఆ కుప్ప ముందు మఠం వేసుకుని కూర్చుంది.

"ఈ తాళంచెవి దేనిది అత్తయ్యా?"

"ఏమోనే. ఎప్పటినుంచో ఉంది."

"ఏమో అన్నవాటికి ఇంట్లో చోటిస్తే రేపు మనుషుల్ని కూడా ఏమో అనేస్తాం."

సాయంత్రానికి డబ్బా ఖాళీ అయింది. ప్రతి వస్తువూ ఏదో ఒక అరలోకి చేరింది. ఆ తాళంచెవికి తాళం దొరక్కపోతే దాన్ని దారానికి కట్టి తలుపు వెనక మేకుకి వేలాడదీసింది, ఎవరిదో తేలేదాకా అందరికీ కనబడుతూ ఉండాలని. అమ్మ మూతి ముడుచుకుంది. కానీ పక్కింటావిడతో మాత్రం, "నా కోడలు ఇంటినంతా అరలు అరలుగా చేసేసింది. నన్ను ఏ అరలో పెడుతుందో మరి" అని గొప్పగానే చెప్పుకుంది.

వదిన సాఫ్ట్‌వేర్ మనిషి. ఆ మాట అనగానే అద్దాల మేడలూ మెళ్ళో కార్డులూ గుర్తొస్తాయి కానీ, ఆవిడ చేరినప్పుడు ఆ కంపెనీ ఒక అచ్చాఫీసు పైన రెండు గదుల్లో ఉండేది. కింద యంత్రం తిరిగితే పైన బల్లలు వణికేవి. తర్వాత కంపెనీ పెరిగింది, గదులు మారాయి, అంతస్తులు మారాయి. ఆవిడ పని మాత్రం చివరిదాకా దాదాపు ఒకటే. ఆసుపత్రుల్లో రక్తం తీసి సన్నటి గాజు గొట్టంలో పోస్తారు కదా, ఆ గొట్టానికి అంటించే చీటీని అచ్చువేసే ప్రోగ్రామ్. పేరూ, వయసూ, కింద నల్లగీతలూ. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఆ చీటీ తారుమారైతే ఒకరి రక్తం ఇంకొకరిదవుతుంది, ఒకరి మందు ఇంకొకరి ఒంట్లోకి పోతుంది.

ఆ ప్రోగ్రామ్‌ని మొదట రాసినాయన్ని ఆఫీసులో అందరూ పెద్దాయన అనేవాళ్ళు. చొక్కా పై గుండీదాకా పెట్టుకునే మనిషి. వదినకి పని నేర్పింది ఆయనే. "అమ్మాయ్, మనం రాసేది అక్షరాలు కాదు, మనుషులు. అది మర్చిపోకుండా ఉంటే తక్కినదంతా నేనే నేర్పుతా" అన్నాడట మొదటిరోజు. ఆయన్ని వదిన గురువుగారూ అనే పిలిచేది. మా అన్నయ్య వేళాకోళమాడేవాడు: "మా ఆవిడకి పుట్టిళ్ళు రెండు. ఒకటి మా మావయ్యగారిది, రెండోది ఆ చీటీల ప్రోగ్రామ్. మావయ్యగారింటికైతే పండక్కో పబ్బానికో వెళ్తుంది. రెండోదానికి రోజూ వెళ్తుంది."

"వెళ్ళకపోతే మీకు ఒంట్లో బాగోనప్పుడు వేరేవాళ్ళ రక్తం చూసి మందిస్తారు" అనేది వదిన.

"ఇస్తే ఇవ్వనీ. కాస్త చురుకు పుట్టొచ్చు."

ఇక తమ్ముడి సంగతి చెప్పాలి. వదినకి తోడబుట్టిన తమ్ముళ్ళెవరూ లేరు. ఇతను ఆఫీసులో పని నేర్చుకోవడానికి వచ్చి వదిన పక్క కుర్చీలో కూర్చున్నవాడు. చదువు పూర్తయిందో లేదో, ఊరికి కొత్త, తిండికి ఇబ్బంది. వదిన రెండోరోజే ఇంటికి తీసుకొచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో అతని పేరే తమ్ముడు. నేను కూడా తమ్ముడనే అనేదాన్ని, నాకంటే ఎత్తైనా సరే. మా బల్ల దగ్గర అతనికో కుర్చీ, అతను తాగే గ్లాసు వేరే. తెలివైనవాడు. ఒక మాట చెబితే రెండు అల్లుకుపోయేవాడు. కొన్నేళ్ళకి వదినని దాటి పై కుర్చీలోకి వెళ్ళాడు. ఇంకొన్నాళ్ళకి ఆవిడ పనిచేసే విభాగానికే పెద్ద అయ్యాడు.

"ఇంటి పిల్లికి మీసాలు మొలిచాయి" అన్నాడు అన్నయ్య ఆ వార్త విని.

"మొలవనివ్వండి. తమ్ముడు పై మెట్టెక్కితే అక్కకి చిన్నతనమా?" అంది వదిన. నిజంగానే సంతోషించింది. ఆ రోజు అతనికి కొత్త చొక్కా కూడా కొని పెట్టింది.

రాడార్ అన్న మాట మా ఇంట్లోకి తెచ్చింది అతనే. ఆదివారం పొద్దున్న, చేతిలో బేకరీ పొట్లంతో వచ్చాడు. నేను అచ్చుకి వెళ్ళే పుస్తకాల్లో తప్పులు దిద్దే పని చేస్తాను, ఆ కాగితాలు బల్లంతా పరుచుకుని ఉన్నాను. వాటిని పక్కకి నెట్టి పొట్లం పెట్టాడు.

"అక్కా, నీకో పని తెచ్చాను. నీకు తప్ప ఎవరికీ చేతకాని పని."

"పొగడ్తతో మొదలుపెట్టావంటే ఆదివారం కూడా చాకిరీయే. చెప్పు."

"మన కంపెనీకో రాడార్ కావాలి."

"విమానాల్ని కనిపెట్టేదా?" అన్నాను నేను.

"అలాంటిదే వదినగారూ. దూరం నుంచి ఏం వస్తోందో ముందే చూసుకునేది." మా వరస లెక్కల్లో అతనికి నేనేమవుతానో తేలక నన్ను కూడా వదినగారూ అనేవాడు.

అతను చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక గోడ మీద పెద్ద వృత్తం గీస్తారు. దాన్ని నాలుగు ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క ఒక్కో రకం: భాషలు, పనిముట్లు, పద్ధతులు, అలా. మళ్ళీ వృత్తం లోపల నాలుగు వలయాలు, ఒకదాని చుట్టూ ఒకటి. కంపెనీలో వాడేవి, వాడబోయేవి అన్నిటి పేర్లూ రంగుకాగితాల మీద రాసి ఆ గోడకి అంటిస్తారు. మధ్యకి దగ్గరగా ఉంటే ధైర్యంగా వాడొచ్చని, దూరంగా ఉంటే జాగ్రత్తని. ఏది ఎక్కడ ఉండాలో అందరూ కూర్చుని చేతులెత్తి తేలుస్తారు. అయితే ముందు ముక్కలకీ వలయాలకీ పేర్లు పెట్టాలి. పేర్లు సరిగ్గా లేకపోతే మీటింగంతా తగువులే.

"పేర్లే కదా. అందరూ పెట్టుకునేవి పెట్టేసుకోండి" అంది వదిన.

"వాళ్ళ పేర్లు వాళ్ళ ఇంటికి. మనకి మనవి కావాలి. నువ్వు పెడితేనే బాగుంటుంది."

ఆవిడ అప్పటికే గ్లాసు మూతొకటి బోర్లించి, నా ఎర్ర పెన్సిల్ తీసుకుని దాని చుట్టూ గీస్తోంది. నా కాగితం వెనకనే.

"ఒక్క మాట అక్కా," అన్నాడు తమ్ముడు టీ గ్లాసులోకి చూస్తూ. "పేర్లు పెట్టేవాళ్ళే ఓటు కూడా వేస్తే జనం ఏమంటారో."

"ఏమంటారు, తగువు నువ్వే పెట్టి తీర్పు నువ్వే చెబుతావా అంటారు. నిజమే. పేర్లు పెట్టినవాళ్ళకి ఓటు ఉండకూడదు. రాసుకో, ఇది మొదటి రూలు."

"నువ్వే అన్నావు సుమా."

"నేనే అన్నాను. నీకు టీ ఇంకొంచెం పొయ్యనా?"

ఆ వారమంతా మా ఇల్లు రాడారైపోయింది. వలయాల పేర్లకోసం వదిన వంటింట్లో నిలబడి అరల్ని చూస్తూ ఉండేది. చివరికి వాటినే తీసుకుంది. మధ్య వలయం "చేతికి అందేది". దాని చుట్టూ "వాడి చూస్తున్నది". ఆ తర్వాత "కన్నేసి ఉంచింది". అన్నిటికంటే బయటిది "అటక మీదది".

"అటకేమిటి వదినా, కంపెనీ గోడ మీద?"

"ఎందుకు, బాగాలేదా తప్పులమ్మా?" నా ఉద్యోగం వల్ల నాకావిడ పెట్టిన పేరు అది. "అటక మీద పెట్టామంటే పారేసినట్టు కాదు. మీ అమ్మగారి ఇత్తడి బిందె అటక మీదే ఉంది, అవసరమొచ్చినప్పుడు దించుతాం, తోముతాం, మళ్ళీ పెడతాం. కొత్తగా మాత్రం అలాంటిది కొనం. అంతే." ఆ మాటే వలయం పక్కన చిన్నక్షరాలతో రాసింది: దీనిమీద కొత్తగా ఏమీ కట్టొద్దు, ఉన్నదాన్ని మాత్రం చూసుకుంటూ ఉండాలి. నాచేత చదివించి తప్పుల్లేవని తేల్చుకుంది.

ముక్కల దగ్గర పేచీ వచ్చింది. భాషలు, పనిముట్లు, పద్ధతులు, ఈ మూడూ కుదిరాయి. నాలుగోదానికి ఆఫీసులో ఎవరో "ఇతరములు" అన్నారట. ఇక చూడాలి ఆవిడ ముఖం.

"మా గురువుగారి ప్రోగ్రామ్ ఎందులోకి పోతుందో తెలుసా? అది భాష కాదు, బయట కొన్న పనిముట్టు కాదు, పద్ధతి అంతకంటే కాదు. దాన్ని తీసుకెళ్ళి ఇతరముల్లో పడేస్తారట. లేకపోతే అసలు గోడ మీదికే రాదట, రాడార్లంటే బయటినుంచి తెచ్చుకున్నవాటికేనట."

"రాకపోతే నష్టమేముంది?" అన్నాడు అన్నయ్య.

"నష్టమేముందా? ఆయన జీవితమంతా పెట్టి కట్టాడు. పదిమంది చూసే గోడ మీద దానికో చోటు ఉండద్దూ?"

అలా పుట్టింది నాలుగో ముక్క. "మన చేతివి." బయటినుంచి తెచ్చుకున్నవి కాకుండా కంపెనీ తన చేతుల్తో కట్టుకున్నవన్నీ అందులో. తమ్ముడికి ఫోన్ చేసి చెబితే, అద్భుతం అక్కా, నేనే అనుకుంటున్నా ఇలాంటిదేదో కావాలని, అన్నాడట. ఫోన్ పెట్టేసి వదిన చాలాసేపు నవ్వుముఖంతో ఉంది. పెద్దాయనకి కూడా చెప్పింది. ఆయన మీటింగు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడని తర్వాత విన్నాం.

మీటింగు సంగతి వదిన ఆ సాయంత్రం చెప్పులు కూడా విడవకుండా బల్ల దగ్గర కూర్చుని చెప్పింది. పేర్లు పెట్టింది ఆవిడే కాబట్టి గోడ దగ్గర నిలబడి, ఓట్లు ఎటు తేలితే అటు కాగితం అంటించే పని కూడా ఆవిడకే ఇచ్చారు. మొదటి మూడు ముక్కలూ నవ్వులాటగా గడిచిపోయాయి. అటక పేరు అందరికీ నచ్చింది. ఇది మా మామ్మతోపాటు అటకెక్కాలి, అది మేనేజర్‌తోపాటు ఎక్కాలి అని ఒకటే జోకులు. నాలుగో ముక్క దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు అన్నాడు: "చీటీల ప్రోగ్రామ్‌ని అటక మీద పెడదామని నా ప్రతిపాదన."

అందరికంటే ముందు అతనే చెయ్యెత్తాడు. పెద్దవాడు ఎత్తాక చిన్నవాళ్ళు ఎత్తరా? అందులో సగంమందికి ఆ ప్రోగ్రామ్ ఎలా ఉంటుందో కూడా తెలియదు.

పెద్దాయన వాళ్ళెవరినీ చూడలేదట. గోడ దగ్గరున్న వదినని చూశాడు. "అమ్మాయ్, నువ్వు చెప్పు. ఇది ఒక్కసారైనా తప్పిందా?"

"అక్కకి ఓటు లేదు సార్. ఆ రూలు ఆవిడే పెట్టారు" అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు.

"మరి నువ్వేమన్నావు?" అడిగాడు అన్నయ్య.

"ఏమంటాను? రూలు నాదే కదా. కాగితం తీసుకెళ్ళి అటక మీద అంటించాను." అప్పుడు చెప్పులు విడుస్తూ, "అటకంటే పారెయ్యడం కాదుగా. పక్కనే రాశాను కదా, చూసుకోవాలని. గురువుగారికి రేపు విడమరిచి చెబుతాను" అంది. మాకు చెబుతున్నట్టు లేదు, తనకి తను చెప్పుకుంటున్నట్టుంది.

రేపు చెప్పే వీలు లేకపోయింది. ఆయన సెలవు పెట్టాడు. సెలవు నుంచి తిరిగి వచ్చేలోపే కంపెనీ అంతటికీ ఒక కబురు వచ్చింది: అటక మీద ఉన్నవాటికి ఇకనుంచి మనుషుల్ని కేటాయించరు. చీటీలకి కొత్త ప్రోగ్రామ్ వస్తోంది, తమ్ముడి టీమే కడుతోంది. వదినని ఇంకో చోట వేశారు. పెద్దాయన్ని, మీరు ఇప్పటికే చాలా కష్టపడ్డారు, విశ్రాంతి తీసుకోండి అన్నారు. రిటైరవడానికి ఇంకా సమయం ఉంది ఆయనకి. ఉందని ఎవరూ అనలేదు.

వదిన నన్ను తోడు రమ్మంది. పెద్దాయన ఉండేది మెట్లన్నీ ఎక్కాక చివర్న ఉన్న చిన్న ఇల్లు. తలుపు ఆయనే తీశాడు. రమ్మన్నాడు, కుర్చీలు చూపించాడు, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. మర్యాదలో ఏ లోటూ లేదు. అందుకే భయమేసింది నాకు. వదిన గడగడా చెప్పుకుపోయింది. అటకంటే తన ఉద్దేశం ఏమిటో, పక్కన ఏం రాసిందో, నాలుగో ముక్క ఎందుకు పెట్టిందో అంతా. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

"నాకు ఓటు లేదు గురువుగారూ. మీకు తెలుసుగా ఆ రూలు" అంది చివరికి.

"తెలుసమ్మాయ్. ఓటు లేదు, సరే." ఖాళీ గ్లాసులు రెండూ చేతిలోకి తీసుకున్నాడు. "నోరు కూడా లేదా?"

వదిన ఆ గ్లాసులు అందుకోబోయింది. ఆయన ఇవ్వలేదు.

"నువ్వు కాకుండా ఇంకెవరైనా గోడ దగ్గరుంటే లేచి గొడవపెట్టుకునేవాణ్ణి. నువ్వున్నావు కదా, నువ్వు చూసుకుంటావులే అని కూర్చున్నాను. నా కాగితం నీ చేత్తో అంటించావు." అలా అని గ్లాసులు లోపల పెట్టడానికి వెళ్ళి, మేం లేచి నిలబడేదాకా బయటికి రాలేదు.

ఆ తర్వాత వచ్చింది అసలు దెబ్బ. చీటీల ప్రోగ్రామ్ దగ్గర వదినతో, పెద్దాయనతోపాటు ఒక కొత్తమ్మాయి పనిచేసేది. చేరి ఏళ్ళయినా ఆ పేరు పోలేదు. ఆ పిల్ల ఒక సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టింది.

"లోపలికి రావే ముందు. ఏమైంది?"

"నాకు ముందే తెలుసు మేడమ్."

"ఏం తెలుసు?"

"మన ప్రోగ్రామ్ ఎత్తేస్తున్నారని. వానలు మొదలవకముందే సార్, అదే మీ తమ్ముడుగారు, నన్ను పిలిచి కొత్త టీమ్‌లోకి రమ్మన్నారు. పై వాళ్ళంతా ఒప్పేసుకున్నారట. పెద్దాయన ఊరుకోరు, మీరూ ఊరుకోరు, అందుకని ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నామన్నారు. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు."

తమ్ముడు బేకరీ పొట్లంతో మా ఇంటికి వచ్చింది వానలు వెలిశాక.

వదిన ఆ పిల్లని ఒక్క మాట అనలేదు. ముఖం కడుక్కోమని తువ్వాలు ఇచ్చింది, ఏదో తినిపించి పంపించింది. పిల్ల వెళ్ళాక బల్ల దగ్గరికి వచ్చి, తమ్ముడు ఎప్పుడూ కూర్చునే కుర్చీ వెనక నిలబడి దాని చట్టం మీద చేతులు పెట్టుకుంది. "నాలుగో ముక్క నేనే కదా అడిగింది," అంది. "అది లేకపోతే ఆ ప్రోగ్రామ్ పేరు గోడ మీదికే వచ్చేది కాదు. ఓటే ఉండేది కాదు. వాడు ఇంకేదో దారి వెతుక్కోవాల్సి వచ్చేది. నేనే గొయ్యి తవ్వి, గట్టు మీద పూలు కూడా పెట్టాను."

మర్నాడు ఆఫీసు మెట్ల మీద అతన్ని ఆపింది. ఆ మాటలు ఆవిడ నాకు ఎన్నోసార్లు చెప్పింది, ప్రతిసారీ ఒకేలా.

"ముందే తేలిపోయిందట కదా తమ్ముడూ."

"ఎవరు చెప్పారక్కా?"

"ఎవరైతేనేం. నాతో ఒక్క మాట చెబితే సరిపోయేది. గురువుగారికి నేనే చెప్పేదాన్ని, ఏడ్చో మొత్తుకునో. నాచేత పేర్లెందుకు పెట్టించావు?"

అతను తడబడలేదట. కళ్ళు కూడా దించుకోలేదట. "నువ్వు పెడితే ఎవరూ కాదనరు అక్కా. ఈ కంపెనీలో నీ మాటకున్న విలువ ఇంకెవరి మాటకీ లేదు" అన్నాడు. మెచ్చుకున్నట్టే అన్నాడు.

ఇంటికొచ్చి, "నిజమే చెప్పాడే. ఒక అబద్ధమైనా ఆడితే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుగా ఉండేది" అంది.

నేను తిట్టాను. అన్నయ్య తిట్టలేదు. అతని గ్లాసు తీసుకెళ్ళి అన్ని గ్లాసులతో కలిపేశాడు. తర్వాత ఎప్పుడు చూసినా అది ఏదో మాకే తెలియలేదు.

తమ్ముడు మా ఇంటికి రావడం మానేశాడు. వదిన ఉద్యోగం మానలేదు. కొత్త చోట ఇచ్చిన పని, ఎవరో రాసిన తెరల్లో అక్షరాల రంగులు సరిగ్గా ఉన్నాయో లేవో చూడటం, అదీ శ్రద్ధగానే చేసింది. మార్పు ఇంట్లోనే కనబడేది. అటక అనే మాట ఆవిడ నోట మళ్ళీ రాలేదు. పాత దుప్పట్లు కావాలంటే "పైన ఉన్నాయి, దించు" అనేది. అరల్లో వస్తువులు తారుమారైనా పట్టించుకునేది కాదు. ఒకరోజు మేకుకి వేలాడే ఆ తాళంచెవి తీసి చెత్తబుట్టలో వేస్తుంటే చూశాను. "ఎందుకు వదినా, ఇన్నాళ్ళుంది?" అంటే, "తాళం లేనిదానికి మేకెందుకు" అంది.

పెద్దాయనకి ప్రతి నెలా ఫోన్ చేసేది. ఆయన ఎత్తి, బాగున్నావా అమ్మాయ్, అని అడిగి, ఆవిడ చెప్పేది విని పెట్టేసేవాడు. మళ్ళీ గురువుగారూ అని పిలిచిందే కానీ, పిలిపించుకున్నది ఆయన కాదు, ఎవరో పరాయి మర్యాదస్థుడు.

జబ్బు తర్వాత వచ్చింది. దాని గురించి రాయను. ఒక్క పొద్దుటి సంగతి మాత్రం రాస్తాను. ఆసుపత్రిలో రక్తం తీసే అమ్మాయి వచ్చి, గొట్టం నింపి, చీటీ అంటించబోతుంటే వదిన ఆ చేతిని పట్టుకుంది.

"ఒక్కసారి చూపించమ్మా."

"మీ పేరే మేడమ్, సరిగ్గానే ఉంది."

"పేరు కాదు, చీటీ." కళ్ళజోడు లేదు, గొట్టాన్ని ముక్కుదాకా తెచ్చుకుని తిప్పి తిప్పి చూసింది. తన పేరు కింద నల్లగీతల పక్కన ఒక చిన్న చుక్క ఉంది. చీటీ తలకిందులుగా అంటిస్తే తెలియడానికి పెద్దాయన పెట్టిన గుర్తట అది. "మాదే," అంది. "ఇది మాదే. కొత్తది కాదు."

"కొత్తదేదో వస్తుందన్నారు మేడమ్, రాలేదు. ఇదే నడుస్తోంది. ఏ గొడవా పెట్టదు" అంది ఆ అమ్మాయి.

వదిన గొట్టం తిరిగి ఇచ్చేసి దిండు మీద వాలింది. సంతోషించిందనే అనుకున్నాను. "మనిషిని పంపించేశారు. పని మాత్రం చేయించుకుంటున్నారు" అంది. "గురువుగారికి చెప్పవే. నువ్వే వెళ్ళి చెప్పు. నేను చెబితే ఓదార్పనుకుంటారు."

మర్నాడే వెళ్ళాను. ఆయన తలుపు దగ్గర నిలబడే విన్నాడు. చుక్క ఉందా అని అడిగాడు. ఉందన్నాను. "అయితే సరిగ్గానే వస్తోంది" అన్నాడు. ఆవిడకి ఎలా ఉందని అడుగుతాడని కాసేపు నిలబడ్డాను. అడిగాడు కూడా, నేను రెండు మెట్లు దిగాక. పైకి చూసి చెప్పాను. తలూపాడు. చూడటానికి రాలేదు. ఆవిడ పోయిన తర్వాత కూడా రాలేదు.

వదిన పోయాక కంపెనీవాళ్ళు సంస్మరణ సభ పెట్టి మమ్మల్ని పిలిచారు. నేను వద్దన్నాను. అన్నయ్య, "వెళ్దాం. ఆ గోడ ఒకసారి చూడాలని ఉంది" అన్నాడు. గోడ ఉన్న గదిలోనే కుర్చీలు వేశారు. వృత్తం మా బల్ల మీద మూత చుట్టూ గీసినదే, మనిషంత అయింది. ఆవిడ పెట్టిన పేర్లు పెద్దక్షరాల్లో ఉన్నాయి. అటక పక్కన రాసిన చిన్నక్షరాల మాట మాత్రం లేదు. ఉన్నదాన్ని చూసుకుంటూ ఉండాలన్న చోట తెల్లగోడే. "మన చేతివి" ముక్కలో, చేతికి అందే వలయంలో, ఒకే ఒక్క కాగితం ఉంది: తమ్ముడి కొత్త చీటీల ప్రోగ్రామ్.

తమ్ముడు మాట్లాడాడు. గొంతు బొంగురుపోయింది, అది నటన అని నేను అనను. "ఈ గోడ మీద ప్రతి పేరూ అక్క పెట్టిందే. మేం మార్చలేదు, మార్చం. అటక అన్న మాట ఇప్పుడు మా కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళు కూడా వాడుతున్నారు. అక్క ఇక్కడే ఉంది" అన్నాడు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. కొత్తమ్మాయి తల ఎత్తలేదు.

అయిపోయాక మా దగ్గరికి వచ్చి అన్నయ్య చేతులు పట్టుకున్నాడు.

"బావగారూ, ఇంటికి రావాలని ఎన్నోసార్లు అనుకున్నాను."

"ఆసుపత్రిలో మీ అక్క గొట్టానికి పాత చీటీయే అంటించారు తమ్ముడూ" అన్నాడు అన్నయ్య మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు.

తమ్ముడు గోడ వైపు చూశాడు. "కొన్నిచోట్ల ఇంకా మారలేదు. మారుస్తాం." తర్వాత గొంతు తగ్గించాడు. "ఒకటి మాత్రం నిజం బావగారూ. అంత జరిగినా అక్క నా గురించి ఎవరి దగ్గరా, పై వాళ్ళ దగ్గర కూడా, ఒక్క మాట అనలేదు."

అన్నయ్య తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఎలా అంటుంది," అన్నాడు. "ఓటు లేదుగా."